తాళం వేసిన ఇల్లు ఎవరు ఊడ్చారు

జూలూరుపాడు
13 జూలై 2025

అత్తమ్మకు స్తుతి వందనాలు.

మీరు చర్ల అవతల అడవిలో ఆ ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెనమ్మగా వెళ్లి నెల దాటింది. అక్కడ ఫోన్ టవర్ లేదని మీ అబ్బాయికి చెబితే "నువ్వు రాయి, నాకు రాసుడు రాదు" అని తప్పించుకున్నాడు. స్కూలు బస్సు డీజిల్ పుస్తకంలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తాడు. సరే, నేనే రాస్తున్నాను. మీకు బియ్యం తెచ్చే చర్చి జీపు డ్రైవర్ లాలు చేతికి ఇస్తాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి.

అందరం క్షేమం. ఫిలోమిన యూకేజీకి వచ్చింది కదా, "ఫిలో" అంటే పలకడం మానేసింది. పూర్తి పేరు కావాలట. వంటింటి మూల పెంకు జారి కారుతోంది, కింద గిన్నె పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. మా పొద్దులు మీకు తెలియనివి కావు. శౌరి ఏడింటికే ఫిలోమినను ఎక్కించుకుని బస్సు తీస్తాడు. ఆ తర్వాత నేను తాళం వేసి కొత్తగూడెం ల్యాబుకు పోతాను. సాయంత్రం దాకా రక్తాలు తియ్యడం, రిపోర్టులు కొట్టడం. ఇల్లు చేరేసరికి చీకటి. నేను వదిలిపెట్టి పోయే ఇల్లు ఎలా ఉంటుందో దాచను. సింకు నిండా గిన్నెలు, కుర్చీ మీద తడి తువాళ్లు, మంచం మీద కుప్పగా దుప్పట్లు, ఫిలోమిన సాక్సు ఒకటి తలుపు దగ్గర, ఇంకొకటి ఆ దేవుడికే తెలియాలి.

మొన్న మంగళవారం వచ్చి తలుపు తీస్తే గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. నేల తుడిచి ఉంది. దుప్పట్లు అంచులు లోపలికి దోపి, దిండు గలీబు తొడిగినట్టు మడత పెట్టి ఉన్నాయి. మీరు తప్ప అలా మడిచేవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. శౌరిని అడిగాను. "నాకేం తెల్సు, నేను స్కూల్ కాడున్న గదా. పొద్దుగాల నువ్వే చేసి మర్చినవేమో" అన్నాడు. గిన్నెలు కడిగి మరిచిపోయేంత అదృష్టం నాకెక్కడిది? శుక్రవారం మళ్లీ అదే తంతు.

ఇంట్లో ఏదీ పోలేదు. అదే నాకు భయంగా ఉంది. ఎత్తుకుపోవడానికి వచ్చినవాడు గిన్నెలు తోమడు కదా. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, వెళ్లేటప్పుడు మీ తాళంచెవి ఎవరికైనా ఇచ్చి వెళ్లారా?

మీ కోడలు
స్తుతి


హాస్టల్
27 జూలై 2025

స్తుతికి,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను, ఎందుకంటే మొదటిసారి నాకు అర్థమైంది నిజమా కాదా అని.

నా తాళంచెవి నా మెడలోనే ఉంది, సిలువతో పాటు అదే దారానికి. స్నానం చేసేటప్పుడు కూడా తియ్యను. దాన్ని ఎవరికో ఇచ్చి, నీ ఇంట్లోకి పంపించి, నీ గిన్నెలు కడిగించేంత తీరిక నాకు లేదు. ఇక్కడ తెల్లవారుజామున గంట కొడితే ఎనభై మంది ఆడపిల్లలు లేస్తారు. వాళ్ల జడలు, వాళ్ల జ్వరాలు, వాళ్ల కొట్లాటలు. నాతో పాటు రూప్లి అని లంబాడీ ఆమె వంట చేస్తుంది, మాట తక్కువ, చెయ్యి మంచిది. ఊడవడానికి పిల్లలకు వంతులున్నాయి. నేను నిలబడి చూడడమే. స్తుతీ, నాకొక గది ఇచ్చారు. అందులో ఒక ఇనప బీరువా. నా బట్టలు తప్ప అందులో ఇంకెవరి బట్టలూ లేవు.

నాకు జంపక్క మీద అనుమానం. గోడ పక్కనే ఉంటుంది, మన వెనక తలుపు గొళ్లెం వదులని దానికి తెలుసు. అటక మీది మా అమ్మ ఇత్తడి బిందె మీద దాని కన్ను ఎప్పటినుంచో ఉంది. ముందు నాలుగు రోజులు పని చేసి పెట్టి, తర్వాత బిందె అడుగుతుంది చూడు.

ఇంకొక మాట. సిస్టర్ గారు నన్ను అడుగుతున్నారు, ఇక్కడే ఉండిపోతావా, ఇంటికి పోతావా అని. ఉండేటట్టయితే అక్టోబరు చివరికల్లా చెప్పాలట, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటారు. నీకు నేను ఇంట్లో కావాలనుంటే సూటిగా రాయి. దుప్పట్ల మడతల సంగతి రాసి డొంకతిరుగుడుగా పిలవక్కర్లేదు.

పెంకు సంగతి శౌరితో చెప్పు, వాడికి ఎక్కడం వచ్చు.

ఆరోగ్యమ్మ


జూలూరుపాడు
10 ఆగస్టు 2025

అత్తమ్మకు,

మీరు చెప్పారని జంపక్కను అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది. "నీ ఇంట్ల నేనెందుకు జొర్రుత? నా ఇల్లు ఊడ్సుకునేతందుకే నా నడుములు లేస్తలెవ్వు. బిందె నీ అత్తనే నెత్తిన పెట్టుకోమను!" అని వీధంతా వినేటట్టు అరిచింది. ఆ రోజు నుంచి నేను బస్సుకు పోతుంటే మొహం గోడకు తిప్పుకుంటోంది. బిందె మాట నేను ఎత్తనే లేదు, దానంతట అదే ఎత్తింది. అంటే మీ ఇద్దరి మధ్య పాత కథేదో ఉంది.

నేను ఊరుకోలేదు. ల్యాబులో పని చేసేదాన్ని, దేనికైనా పరీక్ష పెట్టడం అలవాటు. తలుపుకీ చట్రానికీ మధ్య, కింద కనపడని చోట, సూది గుచ్చాక అతికించే తెల్ల టేపు ముక్క అంటించి పోయాను. సాయంత్రానికి అది తెగి ఉంది. వెనక తలుపు టేపు మాత్రం తెగలేదు. అంటే వచ్చినవాళ్లు ముందు తలుపు తాళం తీసుకునే వచ్చారు. చెవి ఉన్నవాళ్లు.

మర్నాడు కావాలనే పొయ్యి మీద పాలు పొంగించి అలాగే వదిలేశాను. వచ్చి చూస్తే పొయ్యి బూడిద, నిమ్మచెక్క వేసి తోమి ఉంది. నిమ్మచెక్క కిటికీలో ఆరబెట్టి ఉంది, రెండోసారికి పనికొస్తుందని. అలా దాచేది మీరే కదా. 

మీరు కోప్పడినా సరే, మనసులో ఉన్నది రాస్తున్నాను. ఎవరినో పెట్టి నా ఇల్లు చూపిస్తున్నారా? కోడలికి ఇల్లు చేతకావడం లేదని తేల్చి, సిస్టర్ గారి మాట సాకుగా పెట్టుకుని వచ్చెయ్యాలనుకుంటున్నారా? పెళ్లిచూపులనాడే మీ వాళ్లలో ఎవరో "పెండ్లయినంక కొలువెందుకు పిల్లకు" అన్నారు. నేను మరిచిపోలేదు. ఇల్లు సరిగ్గా లేదనే మాట మీద నా ఉద్యోగం మాన్పిస్తారని నా భయం. ల్యాబులో నా కుర్చీ, నా సంతకం నాకు కావాలి అత్తమ్మా. మీరు బీరువా గురించి రాసినట్టే నేనూ ఇది రాస్తున్నాను.

పెంకు శౌరి సరిచేశాడు. నేను అడక్కముందే చేశాడు. అది కూడా వింతగానే ఉంది.

స్తుతి


హాస్టల్
31 ఆగస్టు 2025

స్తుతీ,

అబ్బో, ఎంత మాట రాశావు! గోదావరి పెరిగి జీపు రాలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మొదటి కోపంలో రాసిన కాగితం నీకు చేరేది. అది చించి పొయ్యిలో వేశాను.

నాకూ అనుమానాలు వస్తాయి, నువ్వొక్కదానివే చదువుకున్నదానివి కాదు. కోడలు ఉన్నట్టుండి ఉత్తరాలు రాస్తుంది. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారంటుంది. అచ్చం మీలాగే మడుస్తున్నారు, మీలాగే తోముతున్నారంటుంది. ఇది చదివిన ముసలామె ఏం చెయ్యాలి? అయ్యో నా ఇల్లని మూట కట్టుకుని పరుగెత్తి రావాలి. వచ్చాక తెల్లవారి లేచి గిన్నెలు తోమాలి, ఫిలోమినకు జడ వెయ్యాలి, నువ్వు తాపీగా బస్సెక్కాలి. జీతం లేని పనిమనిషి కావాలని నువ్వు అల్లిన కథే ఇదని రూప్లితో అన్నాను. రూప్లి పొయ్యిలో కట్టె ఎగదోసింది. 

కానీ ఆ నిమ్మచెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ పద్ధతి మా అమ్మది. ఆడపిల్లలు లేనిదాన్ని, నేను ఎవరికీ నేర్పలేదు. శౌరి చిన్నప్పుడు కొంగు పట్టుకుని నా వెనక తిరిగేవాడు, అంతే. జంపక్కకు నిమ్మచెక్క సంగతి తెలియదు. అదైతే సబ్బుతోనే మొత్తం కానిచ్చేస్తుంది.

చెవి ఉన్నవాళ్లు అని రాశావు. మూడు చెవులున్నాయి. ఒకటి నా మెడలో, ఒకటి నీ బ్యాగులో. మూడోది ఎవరి జేబులో ఉందో ఆలోచించావా? వాడు నా కొడుకే, అయినా మగవాడు. వాడే వచ్చి ఇల్లు ఊడుస్తాడా? తాళం తీసి ఎవరినో లోపలికి రానిస్తున్నాడేమో చూడు. పని చేసిపెట్టి మగవాడి మనసు పట్టుకునే ఆడవాళ్లు మన కాలనీలో లేకపోలేదు. నా చేత్తో ఈ మాట రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది, కానీ రాయకుండా ఉండలేను. వాణ్ణి ఒక కంట కనిపెట్టు.

ఆరోగ్యమ్మ


జూలూరుపాడు
14 సెప్టెంబరు 2025

అత్తమ్మా,

మీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. ఆ మాట మీరు రాయకపోతే నాకు తోచేదే కాదు. ఇప్పుడు ఎటు చూసినా అదే.

శౌరి ఈ మధ్య హుషారుగా ఉంటున్నాడు. పాటలు కూనిరాగం తీస్తున్నాడు. బస్సులో రెండో చొక్కా పెట్టుకుంటున్నాడు. మొన్న దగ్గరికి వస్తే చేతుల నుంచి ఫినాయిల్ వాసన. "బస్సు కడిగిన" అన్నాడు. ఆ బస్సు లోపల చూశాను, చాక్లెట్ కాగితాలు, బురద, పిల్లల వాంతి మరక. దాన్ని ఎవరూ కడగలేదు. రోజూ పడుకునేముందు "రేపు ఏ బస్సుకొస్తవ్?" అని అడుగుతున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నాలు స్కూల్ షెడ్డులో డ్రైవర్లతో కూర్చుంటానని చెబుతాడు కదా. ఫిలోమిన ఫీజు రసీదు కావాలని వంక పెట్టుకుని స్కూల్‌కి పోయి వాచ్‌మన్ చెంచురామయ్యను అడిగాను. "శౌరా? పిల్లల్ని దించి బండి పెట్టంగనే పోతడమ్మా. మల్ల బడి ఇడిసే యాళ్లకే వచ్చుడు. ఇంట్ల లేడా?" అన్నాడు. "ఎందుకు లేడు, ఉన్నాడు" అని నవ్వి వచ్చేశాను. గేటు దాటాక చెట్టు కింద కాసేపు నిలబడ్డాను.

అత్తమ్మా, ఆమె ఎవరోగానీ నా వంటింట్లో నాకంటే బాగా మెలుగుతోంది. నా పోపు డబ్బాలో ఆవాలు, జీలకర్ర వేరువేరు గిన్నెల్లోకి సర్దింది. ఫిలోమిన సాక్సులు జతచేసి ముడివేసి పెడుతోంది. నా భర్తను తీసుకుపోవడమే కాదు, నేను చెయ్యలేని పనంతా నా ఇంట్లోనే చేసి చూపిస్తోంది. ఏడవాలా, థ్యాంక్స్ చెప్పాలా తెలియడం లేదు. మూడుసార్లు ఏడ్చాను, అదీ బస్సులోనే, ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

శౌరిని నిలదియ్యను. అబద్ధం చెబితే నేను తట్టుకోలేను. కొత్త తాళం కొంటాను. ఒక చెవి కూడా అతనికి ఇవ్వను. ఒకరోజు సగం పూట సెలవు పెట్టి చెప్పకుండా వస్తాను. బయట నిలబడి ఉన్న ఆ మనిషిని నా కళ్లతో చూస్తాను. తర్వాత సంగతి తర్వాత.

వచ్చే నెల జపమాల మాసం. మన సంఘంలో మరియతల్లి బొమ్మ, మీరనే స్వరూపం, ఇంటింటికీ తిరిగే వంతుల్లో మన ఇల్లు అక్టోబరు తొమ్మిది. ఆ లోపే ఇది తేలిపోవాలని ఉంది.

స్తుతి


హాస్టల్
28 సెప్టెంబరు 2025

స్తుతీ,

ఇది చిన్న ఉత్తరం. లాలు జీపు స్టార్టు చేసి హారన్ కొడుతున్నాడు.

తాళం మార్చవద్దు. మరియతల్లి స్వరూపం గడప తొక్కే నెలలో తలుపుకు కొత్త తాళం పడితే సంఘం వాళ్లు ఏమంటారో తెలుసా? ప్రొటెస్టెంట్ల పిల్లను తెచ్చుకున్నాం, స్వరూపాన్ని రానివ్వకుండా తాళం మార్చిందంటారు. మీ వాళ్లు స్వరూపం ముందు మోకరించరు, అది నాకు తెలుసు, ఏనాడూ నిన్ను బలవంతపెట్టలేదు. నిజం చెప్పు, నీ మనసులో అదేమీ లేదు కదా?

ఆ ఆడది ఎవరో నేను వచ్చి తేలుస్తాను. నా కొడుకు ఇల్లు కూలుతుంటే అడవిలో కూర్చోలేను. వచ్చే నెలాఖరుకు సిస్టర్ గారితో చెప్పేస్తాను, ఇంకొకరిని చూసుకోండని. బీరువాలో బట్టలు ఇవాళే తీసి సంచిలో పెట్టాను. మళ్లీ బీరువాలోనే పెట్టాను. స్టోరు రూములో పప్పు బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. ఇది ఎవరికీ చెప్పకు.

ఆరోగ్యమ్మ


జూలూరుపాడు
12 అక్టోబరు 2025

అత్తమ్మా, అత్తమ్మా,

ముందు ఒక మాట. సిస్టర్ గారితో ఇంకా చెప్పకపోతే చెప్పకండి. చెప్పేసి ఉంటే వెనక్కి తీసుకోండి. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక ఎందుకో మీకే తెలుస్తుంది.

దసరా సెలవుల్లో శౌరి, ఫిలోమిన ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజుల్లో ఇల్లు మళ్లీ మామూలుగా గలీజుగానే ఉంది. పిల్ల ఇంట్లో ఉంటే ఆమె రాలేదు కదా, అందుకేనని నా అనుమానం గట్టిపడింది. మీ ఉత్తరం వచ్చేసరికి నేను తాళం కొనేశాను. స్వరూపం సంగతి నా మనసులో లేదు, ఒట్టు. స్వరూపం వచ్చే రోజే తాళం వెయ్యడానికి కారణం వేరే. ఇంటికి జనం వస్తున్నారంటే ఆమె తప్పకుండా వచ్చి సర్దుతుందని లెక్క వేశాను. ఆ పొద్దున శౌరి బస్సు తీసుకుని పోయాక కొత్త తాళం వేసి ల్యాబుకు పోయాను. మధ్యాహ్నం తలనొప్పని చెప్పి బస్సెక్కాను.

మన సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. పూలూ చాపలూ పట్టుకుని సంఘం ఆడవాళ్లు ముందుగానే వచ్చారు. జంపక్క చేతిలో రోకలి. "స్తుతీ, జల్దీ రా! ఇంట్ల దొంగ జొర్రిండు! తాళం రాయితోని పలగ్గొట్టిండు, సప్పుడు మేమిన్నం. లోపట నీళ్లు గుంజుతున్న సప్పుడైతుంది, వాడేం జేస్తుండో మరి!" నాతో మాట్లాడటం మానేసిన సంగతి ఆమె మరిచిపోయింది. నా తాళం రెండు ముక్కలై మెట్టు మీద పడి ఉంది. తలుపు లోపల గొళ్లెం.

నాకు దొంగ అనిపించలేదు. ఇద్దరూ లోపలే ఉన్నారని అనుకున్నాను. "తలుపు తియ్!" అని నేను అరిచిన అరుపు నాకే కొత్తగా ఉంది. గొళ్లెం తీసిన చప్పుడు.

మీ కొడుకు. లుంగీ మోకాళ్ల పైకి దోపి ఉంది. తలకు నా పాత చున్నీ చుట్టుకున్నాడు. చేతిలో తడి గుడ్డ, మోచేతుల దాకా సబ్బు నురగ. నన్ను చూశాడు, నా వెనక ముప్పై మంది ఆడవాళ్లను చూశాడు, జంపక్క రోకలిని చూశాడు. "ఎవ్వరు లోపటికి రాకుండ్రి. నేల ఆరలే" అన్నాడు.

నేను తోసుకుని లోపలికి పోయాను. బాత్‌రూము చూశాను, వంటిల్లు చూశాను, బీరువా తెరిచాను. మోకాళ్ల మీద వంగి మంచం కింద కూడా చూశాను. అక్కడ తడి ఇంకా ఆరలేదు. మంచం కింద తుడిచేవాళ్లు ఎవరుంటారు అత్తమ్మా? నేను ఒక్కసారి కూడా తుడవలేదు. "ఆమె ఎక్కడ?" అని అడిగాను. "ఎవలు?" అన్నాడు. ఆ మొహం చూశాక అర్థమైంది, ఏ ఆడదీ లేదు. అక్కడే, తడి నేల మీదే కూలబడి ఏడ్చాను. మళ్లీ నవ్వాను. సంఘం వాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

అప్పుడు చెప్పాడు. "నువ్వు దిగి వచ్చి బ్యాగు పెట్టకముందే గిన్నెల కాడ నిలవడుతున్నవ్. నాకు పొద్దంత పనేం లేదాయె. చేద్దమనిపించింది, చేసిన. ఇయ్యాల నా చెవి పట్టలే, పొద్దుమూకితె స్వరూపమొస్తది గదా అని తాళం పలగ్గొట్టిన." మరి నాకు చెప్పడానికేం అంటే, "నీకు చెప్తే అమ్మకు రాస్తవ్. అమ్మ నా పెండ్లినాడే ఒట్టేయించింది, ఇగ చీపురు ముట్టకు, నలుగురు నవ్వుతరు, మీ అయ్య ఏనాడన్న ముట్టిండా అని. మల్ల నువ్వు జంపక్కతోని కొట్లాడినవ్. ఇగ ఎట్ల చెప్త? చెప్పేతందుకు భయమైంది" అన్నాడు. ఇన్ని నెలలు నన్ను పిచ్చిదాన్ని చేశాడని నాకు కోపం పోలేదు, ఇంకా పోలేదు. కానీ రాస్తానన్న మాట మాత్రం నిజమే, నేను మీకన్నీ రాస్తాను.

నేల ఆరేదాకా అందరూ వాకిట్లో నిలబడ్డారు. బడి విడిచే వేళైందని శౌరి ఆ తడి లుంగీతోనే బస్సుకు పరుగెత్తబోతే జంపక్క ఆపి, స్వరూపానికి తెచ్చిన దండల్లో ఒకటి తీసి అతని మెడలో వేసింది. "మా ఇంటాయనకు సూపిస్త, దండతోని ఒక ఫోటో దిగు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం స్వరూపం వచ్చింది. ఇంత శుభ్రమైన ఇంట్లో జపమాల చెప్పుకోవడం ఈ ఏడు ఇదే మొదలని ఫాదర్ గారు కూడా అన్నారు. కాలనీ మగవాళ్లు మాత్రం శౌరిని "ఆరోగ్యమ్మ బిడ్డ" అని పిలుస్తున్నారు, అంటే కొడుకు కాదు, కూతురని. అతను పట్టించుకోవడం లేదు. ఇప్పుడు తలుపు తీసిపెట్టే ఊడుస్తున్నాడు.

మీ కొడుకు బంగారం అత్తమ్మా. మీమీద అనుమానపడినందుకు నన్ను తిట్టండి. కానీ ఇంటికోసమని మాత్రం ఉద్యోగం వదలకండి. మీరు రావద్దని కాదు ఈ మాట. ఇంట్లో మీరు చెయ్యాల్సిన పని లేదు.

స్తుతి


హాస్టల్
26 అక్టోబరు 2025

బిడ్డా స్తుతీ,

నీ ఉత్తరం రూప్లికి చదివి వినిపించాను. రోకలి దగ్గర అది నవ్వింది. దాని నవ్వు నేను వినడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. తర్వాత నా గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. అప్పుడు నవ్వు రాలేదు. వారం రోజులు నీకు జవాబు రాయలేదు, ఎందుకో నాకే తెలియడానికి ఆ వారం పట్టింది.

ముందు కొడుకు మీద కోపమనుకున్నాను. నలుగురూ నవ్వారు కదా, నేను చెప్పిందే జరిగింది కదా అనుకున్నాను. కాదు. నీమీద కోపమా అని చూసుకున్నాను. అదీ కాదు. స్తుతీ, నాకు కుళ్లు. నిన్ను చూసి నాకు కుళ్లుగా ఉంది. ఆదివారం ఫాదర్ గారు పాపసంకీర్తనలు వినడానికి వస్తే ఈ మాటే చెప్పాను. మూడు మరియ జపాలు చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. తగ్గలేదు.

నేనూ ఉద్యోగం చేసినదాన్నే. దాన్ని ఉద్యోగమని ఎవరూ అనలేదు, కూలి అన్నారు. పొద్దున్నే మిరపకాయ కోతకు పోతే పొద్దుగూకి వచ్చేదాన్ని. చేతులు మండుతుండేవి. ఆ చేతులతోనే పొయ్యి, ఆ చేతులతోనే గిన్నెలు, దుప్పట్లు. మీ మామ అంతోనయ్య చెడ్డవాడు కాదు. మంచం మీద కూర్చుని "అయ్యిందా?" అని అడిగేవాడు, అంతకు మించి ఏమీ అనేవాడు కాదు. ఆ ఇల్లు ఒక్కరోజు గలీజుగా ఉన్నట్టు ఎవరూ చూడలేదు. ఒక్కరోజు కూడా బాగుందని ఎవరూ అనలేదు. ఎన్ని జపమాల మాసాలు స్వరూపం వచ్చి పోయింది, నా మెడలో ఎవరూ దండ వెయ్యలేదు. వాడు మూడు నెలలు తుడిచాడు, చప్పట్లు కొట్టారు.

నిమ్మచెక్క ఎవరికీ నేర్పలేదని రాశాను. నిజంగానే నేర్పలేదు. నా చేతులు మండుతున్నాయని ఆ పిల్లవాడే చూసి, పీట వేసుకుని గిన్నెల ముందు కూర్చుని తోమేవాడు. నేను చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు, మగపిల్లవాడు ఆడుకుంటున్నాడనుకున్నాను. ఆ మూడో తాళంచెవి వాడి జేబులోనే ఉందని రాసింది నేనే. వాడే ఊడుస్తాడా అని రాసింది కూడా నేనే. రాసి, అక్కడినుంచి ఇంకో ఆడదాన్ని వెతకడానికి పోయాను.

వాడి ఒట్టు నేను తీసేశానని చెప్పు. జంపక్కకు బిందె ఇవ్వకు. ఊరికే చూపించు, చాలు.

సిస్టర్ గారితో చెప్పాను. ఉంటానని చెప్పాను. నువ్వు రాశావని కాదు, నా బీరువా కోసమే. నీ కుర్చీ నీకు ఎలాగో ఇది నాకలాగ. ఇకమీదట నన్ను అనుమానించాలనిపిస్తే ముందే అడుగు, నేనూ అడుగుతాను.

క్రిస్మస్‌కు నాలుగు రోజులు సెలవిచ్చారు. వస్తాను. కానీ చుట్టంలా వస్తాను. నేను చీపురు ముట్టను, పొయ్యి దగ్గరికి రాను, ఎవరైనా తడి తువాలు కుర్చీ మీద వేస్తే చూసి ఊరుకుంటాను. ఊరుకోగలనో లేదో చూడాలి. వాకిలి వైపు మంచం వేసి పక్క పరిచి ఉంచండి. పొద్దున ఎండ మొహం మీద పడేదాకా నేను లేవను. లేచాక చాయ్ నా మంచం దగ్గరికే రావాలి. ఈ వయసు వచ్చేదాకా అలా తాగలేదు. ఎవరు తెచ్చినా సరే అని రాద్దామనుకున్నాను. వద్దు. శౌరినే తెమ్మను.

మీ అత్తమ్మ
ఆరోగ్యమ్మ